పొలంలో దిగబడ్డ విమానం, నాకొచ్చిన జ్వరం

నాకు ఎలుక జ్వరం వచ్చిందని చెబితే చాలామంది నవ్వు ఆపుకుంటారు. ఎలా వచ్చిందంటే విమానం వల్ల అని చెప్పాల్సి వస్తుంది. అప్పుడిక ఆపుకోలేరు. ఈమధ్య నేనూ వాళ్ళతో కలిసి నవ్వగలుగుతున్నాను. కాళ్ళలో సత్తువ ఇంకా పూర్తిగా రాలేదు, కూర్చుని చేసే పనేదో ఉండాలి కాబట్టి ఇది రాస్తున్నాను. రాస్తుంటే మనసు కాస్త కుదుటపడుతోంది. బురదలో దిగే వాళ్ళెవరికైనా పనికొస్తే మరీ మంచిది.

నేను కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో యంత్రాల మరమ్మత్తు చూస్తాను. మూత బిగించి ఉన్నదేదైనా కనిపిస్తే విప్పి చూసేదాకా నాకు తోచదు. మా ఆవిడ సుజాత ఈ గుణాన్ని పెళ్ళైన కొత్తలో తెలివి అనుకుందట. తర్వాత తర్వాత వ్యసనం అనడం మొదలుపెట్టింది. ఆవిడ పుట్టిల్లు పామర్రు దగ్గర ఒక పల్లెటూరు. తమ్ముడు రాంబాబు అక్కడే వ్యవసాయం చేసుకుంటున్నాడు.

జూన్

రాంబాబు తన పల్లపు చేలో వరి సరిగ్గా రావడం లేదని చేపల చెరువు తవ్వించడం మొదలుపెట్టాడు. ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బావగారూ, పొక్లెయిన్ బకెట్‌కి ఏదో రేకు తగిలిందండీ. పైన కొంచెం తేలింది, మిగతాదంతా లోపలే ఉంది. ఊళ్ళో వాళ్ళు విమానం అంటున్నారు."

"విమానమేంట్రా?"

"యుద్ధం రోజుల్లో పడిందంటగా. ఆ చేనుని విమానం చేను అనే అంటారు. అక్క చెప్పలేదా?"

నేను వంటింటి వైపు చూశాను. సుజాత దోసెలు వేస్తోంది.

"మీ ఊళ్ళో విమానం పడిందా? పెళ్ళై ఇన్నేళ్ళైంది, నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మీరు తవ్వుతారని," అంది వెనక్కి తిరక్కుండానే.

మర్నాడు ఆదివారం. వద్దంటున్నా బయల్దేరాను. అంతకు ముందు రెండు రోజులు వాన పడింది. తవ్విన గోతిలో మోకాలి లోతు నీళ్ళు, దాని కింద నల్లమట్టి. గట్టు మీద ఊరంతా ఉంది. అందులో బాంబులేమైనా ఉంటాయేమోనని ఒకరన్నారు. అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు. చిన్న విమానం అంట, ఆఫీసర్లనీ టపానీ మోసే రకమంట, ఇద్దరే ఉన్నారంట అని రాంబాబు పెద్దవాళ్ళ నోట విన్న మాటలు చెప్పాడు. అందరూ మళ్ళీ ముందుకొచ్చారు.

నేను ప్యాంటు మడిచి, చెప్పులు గట్టు మీద వదిలి దిగాను. కాలితో తడుముతుంటే మడమకి ఏదో చురుక్కున తగిలింది. పట్టించుకోలేదు. ఇద్దరం కలిసి లాగితే తలుపు రెక్కంత రేకు పైకొచ్చింది. కాగితం నలిపినట్టు నలిగి ఉంది. అరచేత్తో బురద తుడిస్తే కింద తెల్లగా మెరిసింది. అన్నేళ్ళు మట్టిలో ఉన్నా తుప్పు లేదు. రివెట్లు గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఇవి ఎవరు బిగించి ఉంటారు? ఏ దేశంలో? ఎక్కడినుంచి ఎక్కడికి పోతూ ఈ చేలో పడింది? లోపలున్న ఇద్దరూ బయటపడ్డారా? నాకు ఆ నీళ్ళలోంచి బయటికి రావాలనే అనిపించలేదు. మధ్యాహ్నం దాకా అందులోనే ఉన్నాను. రాంబాబు ఫోటో తీస్తే కుటుంబం గ్రూపులో పెట్టాను. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి లహరి వెంటనే జవాబు పెట్టింది: "నాన్నా, ముందు పైకి రండి."

జూలై

ఒళ్ళు వెచ్చబడింది డ్యూటీలో ఉండగా. సాయంత్రానికి చలి. పడుకుంటే పిక్కలు పట్టుకుని ఎవరో పిండుతున్నట్టు నొప్పి. బాత్రూంకి వెళ్ళాలంటే గోడ పట్టుకుని ఏడ్చినంత పనయ్యేది. దగ్గర్లోని డాక్టరు వైరల్ అన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో డాక్టరు టైఫాయిడ్ కావచ్చన్నాడు. ప్లేట్‌లెట్లు తగ్గాయని తెలిసేసరికి క్వార్టర్స్‌లో ఉన్న బొప్పాయి చెట్లన్నీ మా ఇంటి కోసమే ఆకులు రాల్చాయి. ఎవరు తలుపు కొట్టినా చేతిలో ఆకుపచ్చ రసం గ్లాసు. ఆ చేదు తలుచుకుంటే ఇప్పటికీ నాలుక ముడుచుకుంటుంది, కానీ తెచ్చిన వాళ్ళ మొహాలు కూడా గుర్తొస్తాయి. కోప్పడలేను.

తర్వాత ఎర్రటి కళ్ళు పచ్చబడ్డాయి. మా అక్కయ్య ఫోన్ చేసి, కామెర్లకి పసరు మందు పోసేవాళ్ళు తనకి తెలుసని, వెంటనే తీసుకురమ్మని పట్టుబట్టింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"వదినగారూ, ఆయనకి నిన్న మధ్యాహ్నం నించీ ఒంటేలు రావట్లేదు. ముందది ఎందుకో తెలియాలి," అంది సుజాత.

"మా నాన్నకి ఆ మందే పని చేసింది."

"చేసిందండీ. కానీ ఈయన్ని నేను విజయవాడ తీసుకెళ్తున్నాను."

అక్కయ్య ఫోన్ పెట్టేసింది. తర్వాత చాలా రోజులు మాట్లాడలేదు. ఆ పూట సుజాత ఆ మాట అనకపోతే ఇది రాసే మనిషి ఉండేవాడు కాడు.

విజయవాడలో పెద్దాసుపత్రి. చక్రాల బల్ల మీద పడుకుని పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాను. దాని బేరింగు పోయిందని చప్పుడుని బట్టి తెలుస్తోంది. అంత జ్వరంలోనూ ఆ ఆలోచన రావడం నాకే వింతగా ఉంది. డాక్టరు వచ్చింది. లహరి కంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. కింది కనురెప్పలు లాగి చూసింది, పిక్కలు నొక్కింది. నేను కెవ్వుమన్నాను. ఆవిడ సుజాత వైపు తిరిగింది.

"పొలం పనులు చేస్తారా ఈయన?"

"లేదండీ, థర్మల్‌లో ఉద్యోగం."

"ఈమధ్య బురదలో గానీ, నిలవ నీళ్ళలో గానీ దిగారా?"

"లేదండీ. డ్యూటీ, ఇల్లు, అంతే."

నేను వింటూనే ఉన్నాను. నాకూ తట్టలేదు. విమానం చూడడానికి వెళ్ళానన్నదే నా బుర్రలో ఉంది. బురదలో దిగానన్న సంగతి అందులో ఎక్కడా లేదు. ఆ డాక్టరు వెళ్ళిపోబోతుంటే లహరి గట్టిగా అంది:

"అమ్మా! నాన్న విమానం ఫోటో పెట్టారుగా!"

డాక్టరు ఫోన్ తీసుకుని బొమ్మ పెద్దది చేసి చూసింది. ఎప్పటిదని అడిగింది. కాలికి దెబ్బేమైనా తగిలిందా అని అడిగింది. సుజాత దుప్పటి తీసి నా మడమ మీద ఎండిన గాటు చూపించింది.

"పొలాల్లో ఎలుకలుంటాయి కదమ్మా. వాటి మూత్రం నీళ్ళలో కలుస్తుంది. గాటు ఉంటే అట్నుంచి ఒంట్లోకి వెళ్తుంది. పరీక్ష పంపిస్తాను, కానీ అది వచ్చేదాకా ఆగం. మందు ఇప్పుడే మొదలుపెడతాం."

రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. గొంతు తగ్గించి నన్ను అడిగింది.

"ఇంతకీ అది నిజంగా విమానమేనాండీ?"

అవునని తలూపాను. జబ్బు పడ్డాక నాకు సంతోషం కలిగిన మొదటి నిమిషం అదే.

ఆ తర్వాత కొన్ని రోజులు నావి కావు. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నానని, జబ్బు ఊపిరితిత్తుల్లోకి కూడా దిగిందని, రక్తాన్ని శుభ్రం చేసే యంత్రానికి కట్టారని తర్వాత తెలిసింది. కాబట్టి ఈ భాగం లహరి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

బయట హాల్లో కుర్చీలు చాలవు. మనుషులు చాపలు, దుప్పట్లు పరుచుకుని గోడ వారగా ఉంటారు. తలుపు తెరుచుకుని నర్సు ఎవరి పేరు పిలిచినా అందరూ లేస్తారు. సుజాత ఏమీ తెచ్చుకోలేదు. ఒకావిడ జరిగి తన చాప మీద చోటిచ్చింది. హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ కొట్టు నడుపుకునే మనిషి. భర్తని లారీ గుద్దింది. ఆవిడ ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని మూతలో మా వాళ్ళకి పోసేది.

రాంబాబు మొదటి రోజే పరిగెత్తుకొచ్చాడు. అక్కని చూడగానే ఏడుపు మొహం పెట్టాడు.

"నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఈయన వచ్చేవారా?" అంది సుజాత. "ఆ విమానం ఎప్పుడో మన తాతల కాలంలో పడింది. పడి ఊరుకోక ఇప్పుడు నా కాపురం మీద పడింది. వెళ్ళు. నా కళ్ళ ముందుండకు."

వాడు కిందికి వెళ్ళాడు గానీ ఊరికి వెళ్ళలేదు. బళ్ళు పెట్టేచోట మెట్ల కింద కూర్చునేవాడు. మందులు కావాలని లహరి దిగితే చీటీ లాక్కుని తనే పరిగెత్తి తెచ్చేవాడు. పైకి మాత్రం వచ్చేవాడు కాదు. ఒకరోజు పొద్దున్న ఆ టిఫిన్ కొట్టావిడ సుజాతతో అంది:

"కింద మెట్ల కాడ కూర్చున్నది మీ తమ్ముడేగా అండీ? మొహం అచ్చం మీ పోలికే. ఏం తింటన్నట్టు లేదు."

కాసేపటికి సుజాత తన ఇడ్లీ పొట్లం లహరి చేతికిచ్చి కిందికి పంపింది. ఆ సాయంత్రం రోగుల్ని చూడనిచ్చే వేళకి సుజాత లోపలికి వెళ్ళలేదు. తన పాసు తమ్ముడికి ఇప్పించింది.

మర్నాడు మధ్యాహ్నం నర్సు ఆ టిఫిన్ కొట్టావిడని లోపలికి పిలిచింది. ఆవిడ మళ్ళీ హాల్లోకి రాలేదు. సాయంత్రం బంధువులెవరో వచ్చి ఆవిడ సంచీ, ఫ్లాస్కూ తీసుకెళ్ళారు. చాప సుజాత కింద ఉండిపోయింది. ఇస్తానని లేచేసరికి వాళ్ళు లిఫ్టు దిగిపోయారు. అన్ని రోజులు ఒకే చాప మీద ఉన్నా ఆవిడ పేరు అడగలేదని సుజాత ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. చాప మా ఇంట్లోనే ఉంది.

నాకు తెలివి వచ్చాక మొదట గుర్తున్నది పక్కనున్న యంత్రం. నా రక్తం గొట్టంలో బయటికి పోయి, చిన్న చక్రం కింద నలిగి, తిరిగి వస్తోంది. దాన్ని చూసుకునే కుర్రాణ్ణి ఆ చక్రం ఎలా తిరుగుతుంది, కరెంటు పోతే ఏం చేస్తారు, గొట్టంలోకి గాలి పోతే ఎలా తెలుస్తుందని వరసగా అడిగాను.

"సార్, మీరు పేషెంటా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా?" అన్నాడు. కానీ అన్నీ విడమరిచి చెప్పాడు. కరెంటు పోతే చేత్తో తిప్పే పిడి ఉంటుందని తీసి చూపించాడు. ఆ పిడి చూశాక నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం ఒక్కొక్కరికి ఒక్కోచోట దొరుకుతుంది.

భయం లేదని కాదు. మూత్రపిండాలు మళ్ళీ పని చేస్తాయా, జీవితాంతం ఈ యంత్రమేనా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అన్ని ప్రశ్నలు వేసేవాణ్ణి ఆ ఒక్కటి అడగలేకపోయాను. ఒక ఉదయం నర్సు మూత్రం కొలిచే సీసా ఎత్తి వెలుతురులో చూసి, నవ్వుతూ సుజాతకి చూపించింది. మా ఆవిడ దానికేసి చేతులు జోడించింది. మా పెళ్ళిరోజున కూడా ఆవిడ మొహంలో అంత వెలుగు చూడలేదు.

ఆగస్టు

ఇంటికి వచ్చాను. అద్దంలో ఉన్నది మా నాన్న. రెండు గదుల అవతలి బాల్కనీలోకి వెళ్ళడానికి మధ్యలో ఆగి కూర్చోవాల్సి వచ్చేది. ఉన్నట్టుండి కన్నీళ్ళు వచ్చేవి, ఎందుకో తెలిసేది కాదు. ఈ జబ్బు నుంచి లేచిన వాళ్ళకి ఒక మాట చెప్పాలి: జ్వరం తగ్గాక వచ్చే ఆ నీరసాన్ని చూసి హడలిపోకండి. అది మెల్లగానే పోతుంది. బురదలో దిగేవాళ్ళు కాలికి బూట్లు వేసుకోండి. గాటు ఉంటే అసలు దిగకండి. జ్వరం వస్తే మాత్రం, అడిగినా అడక్కపోయినా, ఎక్కడెక్కడ దిగారో డాక్టరుకి చెప్పండి. చెప్పాల్సింది జబ్బుకి సంబంధం లేనట్టు కనిపిస్తుంది. నాకు అలాగే కనిపించింది.

ఇంట్లో విమానం అనే మాట నిషేధం. నేనూ ఎత్తలేదు. పడుకుని ఉన్నప్పుడు మాత్రం రివెట్ల వరస కళ్ళ ముందు కదిలేది. ఒకరోజు సుజాత బీరకాయలు తరుగుతూ తరుగుతూ ఆగింది.

"ఇంతకీ అందులో ఉన్నవాళ్ళు ఏమయ్యారండీ?"

నేను జాగ్రత్తగా, "నాకేం తెలుసు," అన్నాను.

"ఇంత చేసింది కదా. ఎవరో ఏమిటో తెలుసుకోకపోతే ఎలా?" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. సాయంత్రం తనే తమ్ముడికి ఫోన్ చేసింది. అప్పటి సంగతి కళ్ళారా చూసిన మనిషి ఊళ్ళో ఒక్కరే మిగిలారని వాడు చెప్పాడు. నాగరత్నమ్మగారు. తొంభై దాటాయి, మాట స్పష్టంగా ఉంది.

సెప్టెంబర్

వినాయక చవితి వెళ్ళాక సుజాత, లహరి, నేను కారులో వెళ్ళాం. కాలవ నిండుగా పారుతోంది, చేలన్నీ పచ్చగా ఉన్నాయి. రాంబాబు చెరువు పని ఆపేశాడు. దొరికిన రేకుల్ని రెవెన్యూ వాళ్ళు తీసుకెళ్ళారట. గోతిలో తామర తూళ్ళు మొలుస్తున్నాయి. నన్ను గట్టు కూడా ఎక్కనివ్వలేదు సుజాత.

నాగరత్నమ్మగారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"నువ్వేనా నాయనా, విమానం తవ్వి జబ్బు తెచ్చుకుంది?"

"నేనేనండీ మామ్మగారూ."

"బాగా చిక్కావు. కూర్చో."

అడగకుండానే మొదలుపెట్టారు. అప్పుడు ఆవిడకి పదేళ్ళు. నాట్లు వేసిన చేలు. విమానం తాడిచెట్ల మీదుగా కిందికి వచ్చి, ముక్కు బురదలో గుచ్చుకుని ఆగిపోయింది. జపానువాళ్ళు వచ్చారని ఊరంతా ఇళ్ళలో దూరి తలుపులేసుకుంది.

"మా నాన్న రంగూన్‌లో పని చేసొచ్చాడు. అక్కడ బాంబులు పడితే అడవుల్లో నడిచొచ్చాడు. జపాను విమానాలు చూసినోడు. ఇది వాళ్ళది కాదర్రా అని పరిగెత్తాడు. ఆయనెనకాల నేను."

"అందులో ఎవరున్నారండీ?" సుజాత అడిగింది.

"ఒకాయన దొర. అప్పటికే పోయాడు. రెండో ఆయన్ని కూడా అందరూ దొరే అంటారు గానీ, కాదమ్మా. మనలాగే నలుపు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. పానీ, పానీ అన్నాడు. మా నాన్నకి రంగూన్‌లో నేర్చుకున్న హిందుస్తానీ వచ్చు. ఏదో అడిగాడు, ఆయనేదో చెప్పాడు. ఏ ఊరో, ఏం పేరో నాకు తెలవలా. నాన్న కూడా మళ్ళీ తలుచుకుని చెప్పలా."

కాళ్ళు రెండూ నలిగిపోయాయట. నులకమంచం మీద మోసుకెళ్ళి కాలవలో పడవ ఎక్కించారు. అప్పట్లో బెజవాడ వెళ్ళాలంటే పడవే సుఖం. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ ఎదురు నీళ్ళలో మెల్లగా పోతోంది. వాన వెలిసి ఎండ మండిపోతోంది.

"గొడుగు నన్ను పట్టుకోమన్నాడు నాన్న. తాటాకు గొడుగు, బరువు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చెయ్యి ఆయన చెయ్యి మీద పెట్టుకు కూర్చున్నా. మజ్జిగ పోస్తే కాసిని తాగాడు. తర్వాత ఒళ్ళు తెలవలా. కళ్ళు మూసుకునే ఉన్నాయి. సాయంత్రం కాలవ లాకుల కాడ మిలట్రీ వాళ్ళు బండి తెచ్చి దింపుకుపోయారు. అంతే. బతికాడో లేదో ఎవరూ చెప్పలా. నాన్న బెజవాడ పోయినప్పుడల్లా అడిగేవాడు. అడిగీ అడిగీ మానేశాడు."

ఆవిడ కుర్చీలో ముందుకి జరిగారు. ఇప్పుడు అడగడం ఆవిడ వంతు.

"నాయనా, ఏమీ అనుకోకపోతే ఒకటడుగుతా. నువ్వు కూడా ఒళ్ళు తెలవకుండా ఉన్నావంటగా. అట్టా ఉన్నప్పుడు పక్కన మనిషి ఉన్నట్టు తెలుస్తదా?"

ఆసుపత్రిలో నన్ను అడగని ప్రశ్న లేదు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. తెలుస్తుందండీ అని వెంటనే చెప్పి పెద్దావిణ్ణి సంతోషపెట్టొచ్చు. కానీ ఆవిడ చూపు చూస్తే ఊరికే అడిగినట్టు లేదు. అందుకని నిజంగా వెతుక్కున్నాను. మాటలు లేవు. మొహాలు లేవు. వెలుతురూ లేదు. కానీ ఏమీ లేకుండానూ లేదు.

"కాలు, మామ్మగారూ," అన్నాను. "ఎవరో నా పాదం పట్టుకున్నారు. ఎవరో తెలీలేదు. నా పేరేంటో నాకే తెలీదు అప్పుడు. ఆ పట్టు ఉన్నంతసేపూ భయం లేదు. వదిలేసినప్పుడు మాత్రం బాగా తెలిసింది. మళ్ళీ పట్టుకుంటే బాగుండు అనిపించింది. చెప్పడానికి నోరు లేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ రాంబాబు నేల చూస్తూ అన్నాడు.

"నేనే బావగారూ. పైనంతా వైర్లు, గొట్టాలు. ముట్టుకోడానికి కాళ్ళే ఖాళీగా కనిపించాయి. టైమైపోయిందని నర్సు పంపించేసింది."

సుజాత తమ్ముడి వైపు చూసింది. లేచి వెళ్ళి వాడి పక్కన నిలబడింది.

నాగరత్నమ్మగారు వాళ్ళని చూడటం లేదు. చీర కుచ్చిళ్ళ మీద ఉన్న తన కుడిచేతిని చూసుకుంటున్నారు.

"నన్ను పక్కకి జరిపి బండిలోకి ఎక్కించేటప్పుడు ఆయన చెయ్యి ఇట్టా గాల్లోకి చాచాడు," అన్నారు. "నా దగ్గర మజ్జిగ అయిపోయింది. ఇవ్వలేకపోయాననే బాధ ఉండిపోయింది నాకు. ఇన్నేళ్ళూ దాహానికేమో అనుకున్నా."